మా పెరటి రాయి



పాత కట్టడములను గూర్చి వ్రాయబూనినవారు గోపురముతోనో కోటతోనో ఆరంభించుట వాడుక. మేము మా పెరటిలోని బట్టలుదుకు రాతితో నారంభింపవలసివచ్చినందులకు సిగ్గుగా నున్నది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకొని నాలుగు గుళ్లను వర్ణించి యూరకుండవచ్చును. చదువరులెవ్వరును మా యింటికి వచ్చి పెరడు చూడబోరు. కాని కలము పట్టిన పిదప నిజము విడిచిపెట్టుటకు మనసొప్పలేదు.

మా యూరు నెల్లూరికి తూర్పుగా, మైపాడు సముద్రతీరమున కనతిదూరమున, ఉప్పుకాలువ యొడ్డున నున్న పల్లె. పటములలో బకింగుహామ్ కాలువ యని వ్రాయబడు దానినే మేము ఉప్పుకాలువ యందుము. మా వారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పుదురు. మేము బడిలో చదివినది తక్కువ. మా తాతగారు వీధి యరుగుమీద కూర్చుండబెట్టుకొని అమరమును, వెనుక భారతములో విరాటోద్యోగపర్వములును చెప్పిరి. తిక్కన సోమయాజి మా నెల్లూరివాడు గదా యని ఆ పర్వములనిన వారికి మఱింత యభిమానము. ఆ చదువువలన మాకు కొంత గర్వము లేకపోలేదు. ఈ కథలో దెబ్బ తగిలినది ఆ గర్వమునకే.

గడచిన కార్తికమాసములో మా వారు తొమ్మిదవ తరగతి పిల్లలకు 'మన చుట్టుపట్ల పాత కట్టడములు' అను విషయము నిచ్చి వ్రాసికొని రమ్మనిరి. పుస్తకములలో చూచి యెత్తి వ్రాయరాదు, కంటితో చూచినవే వ్రాయవలెనని నియమము. రాత్రి భోజనములైన తరువాత ఆ నోటుపుస్తకములు ముందు వేసికొని ఒక్కొక్కటే చదివి వినిపించుచుండిరి. కొందఱు రామాలయము వ్రాసిరి. కొందఱు కాలువ లాకులు వ్రాసిరి. ఒక పిల్లవాడు 'మా అవ్వ' అని వ్రాసి, ఆమె యెన్ని తుపానులు చూచెనో లెక్కవేసినాడు. మేమును మా యత్తగారును నవ్వుచు వినుచుంటిమి. ఇంతలో మా యింటికి పాలు తెచ్చిపెట్టు పిల్ల పుస్తకము వచ్చినది. మా వారు రెండు వాక్యములు చదివి ఆగిపోయిరి.

"మాస్టారి ఇంటి పెరట్లో బట్టలుతికే రాయి మీద పాత అక్షరాలు ఉన్నాయి. అది సత్రం రాయి."

దీపము తీసికొని పెరటిలోనికి పోయితిమి. రాతిని తడిపి, కొంచెము ముగ్గుపిండి చల్లి, అరచేతితో నదిమి తుడిచితిమి. పిండి గుంటలలో నిలిచి మిగిలినచోట పోయినది. అక్షరములు తెల్లగా లేచినవి. అడుగు వరుసలు చక్కగా నున్నవి: 'శుభకృతు సంవత్సర వైశాఖ' అని యొకచోట, దాని పైవరుసలో 'మ్మగారు యీ సత్రము' అని యొకచోట. 'మ్మగారు' అను దానికి ముందు నేమియు లేదు. ఆ పై వరుసయు లేదు. చేయి పెట్టి చూచిన నున్నగా అద్దమువలె నున్నది. అది మేము చీరలు మడిచిపెట్టి బాదు చోటు.

ఆ సత్రమును కట్టించిన యిల్లాలి పేరును తొమ్మిదేండ్లు దినదినమును బాది బాది పోగొట్టినది మా చేతులే. ఆ గీతలను మేము చూడకపోలేదు. రాతిపని వాడు పట్టుకొఱకు గంట్లు పెట్టెననుకొంటిమి. బట్ట జారకుండ నుండునని సంతోషించితిమి కూడ. అమరము వల్లించిన కన్ను పాలపిల్ల చూచినదానిని చూడలేకపోయెను.

ఈ రాయి మా పెరటికెట్లు వచ్చెనో చెప్పవలెను. కాలువ రేవు చెంత సత్రమొకటి యున్నది. ముందు వసారా, దాని వెనుక పెద్దసాల, ప్రక్కను వంటయిల్లు, ఒక మంచినీళ్ల బావి, వేపచెట్టు. 2015 నవంబరులో నెల్లూరి సీమయంతయు ముంచిన వానలకు వసారా కూలినది. కూలినదానిపై నెవరికి మమకారము? ఇటుకలు కొందఱు, దూలములు కొందఱు పట్టుకొనిపోయిరి. మాకును రాయి కావలసియుండెను. మా వారికి చెప్పకయే పాలేరును బండి తోలుకొనిపొమ్మంటిమి. వాడు మంచిరాయి యేఱికొని తెచ్చినాడు. ఊరిలో నందఱును చేసిన పనియే గదా యని మనసును సమాధానపఱచుకొనవచ్చును. కాని తక్కినవారు తెచ్చినవి ఇటుకలు.

కాలువను గూర్చి కొంచెము చెప్పిన గాని సత్రము విలువ తెలియదు. 1806వ సంవత్సరమున బాసిల్ కాక్రేన్ అను దొర చెన్నపట్టణము నుండి ఎన్నూరు వఱకు త్రవ్వించిన కాలువ దీనికి మొదలు. 1837లో ప్రభుత్వమువారు దానిని తమ వశము చేసికొని క్రమముగా ఉత్తరమునకు పొడిగించిరి. పులికాటు సరస్సు దాటి, దుర్గరాజపట్టణము, కృష్ణపట్టణము మీదుగా మా వైపు వచ్చి, కడపట పెదగంజాము చేరి కృష్ణా కాలువలతో కలిసినది. ధాత కఱవు దినములలో, 1877-78 ప్రాంతమున, చెన్నపట్టణములో అడయారు కూవము నదులను కలుపు తునకను కఱవుకూలి జనముచేత త్రవ్వించిరి. అప్పటి గవర్నరు బకింగుహామ్ ప్రభువు. కాలువ పేరు ఆయనది, చెమట వారిది. పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వఱకు మొత్తము సుమారు 420 కిలోమీటర్లు.

మా యత్తగారు కాపురమునకు రాకముందు పుట్టినయూరును కాలువ ప్రక్కదే. ఆమె చెప్పగా వినవలెను. ఉప్పు, ధాన్యము, సరుగుడు కట్టెలు నింపుకొని పడవలు బారులు తీరి పట్టణమునకు పోయెడివట. గాలి యనుకూలమైన తెరచాప. లేనిచో గెడ వేయుట, అదియు సాగనిచోట గట్టున నడచుచు మోకు పట్టి లాగుట. పడవవారి యాడువారు పడవలోనే పొయ్యి పెట్టుకొని వండెడివారట. కాని పురిటి రోజులు దగ్గఱపడినవారును, జ్వరము తగిలినవారును, దూరప్రయాణపు వితంతువులును సత్రములో దిగెడివారు. మొలగొలుకుల బియ్యపు గంజి, ఊరగాయ, మంచినీళ్లు. అంతకు మించి సత్రములో నేమియు లేదు. ఉప్పునీటి యొడ్డున మంచినీళ్ల బావికంటె పెద్ద దానమేమున్నది? 1960వ దశకములోను 1976లోను వచ్చిన తుపానులకు కాలువ పూడి గట్లు తెగి పడవలు క్రమముగా నిలిచిపోయినవి. 2008లో దీనిని జాతీయ జలమార్గములలో చేర్చిరి గాని మా రేవునకు పడవ రాలేదు.

'శుభకృతు' అనుమాట పట్టుకొని మేమును మా వారును కాలము లెక్కవేసితిమి. అఱువదేండ్ల కొకసారి వచ్చు పేరది: 1842, 1902, 1962. 1842 నాటికి కాలువ మా తట్టునకు రానేలేదు. కాలువ లేని రేవున సత్రమెందులకు? 1962 కాజాలదు, మా మామగారి పసితనమునకే అది పాత సత్రము. కాబట్టి 1902వ సంవత్సరము వైశాఖము. ఎండలు మండు నెలలో బావియు సత్రమును బాటసారుల కిచ్చినదన్నమాట ఆ తల్లి. ఆమె తిథి తెలిసినది, పేరు తెలియలేదు.

మా వారు ఊరుకొనక, నెల్లూరు జిల్లా శాసనముల సంపుటములు వెదకి తెచ్చిరి. బటర్‌వర్తు దొరయు వేణుగోపాలచెట్టిగారును మూడు సంపుటములుగా 1905లో వెలువరించినవి. ఊరూరి రాళ్లును రాగిఱేకులును అందున్నవి. మా యూరి సత్రపు రాయి అందు లేదు. మూడేండ్ల క్రిందట చెక్కిన రాయిని శాసనమని యెవరెంచుదురు? నిన్నటిదగుటచే దానిని వారు వ్రాసికొనలేదు. పాతదగుటచే మేము పగులగొట్టుకొంటిమి.

అది మొదలు మా వారి కొక వెఱ్ఱి పట్టినది, మాకును అంటినది. సెలవు దొరికినప్పుడెల్ల తీరము వెంబడి మిగిలియున్న కట్టడములను చూడబోవ నారంభించితిమి. అన్నియు వ్రాయుటకు తావు చాలదు. రంగనాయకుల గోపురమును చూడనివారు మా సీమలో నుండరు, దానిని విడిచెదము. సముద్రము నమ్ముకొని బ్రతికినవానిలో మూడు చోట్లు చెప్పెదము.

కృష్ణపట్టణము మొదటిది. 2008 జూలైలో క్రొత్త రేవు ప్రారంభమైన పిదప అక్కడికి పోవు దారియంతయు బొగ్గు లారీలే. కాని ఆ రేవు క్రొత్తదనుట పొరపాటు. తెలుగు చోళుల కాలమున అది గండగోపాలపట్టణమని పేరుపొందిన వర్తకస్థానము. తిక్కనగారు మనుమసిద్ధి కొలువులో నున్న కాలము నాటికే ఇచటి వర్తకులు దూరదేశముల సరకులు చూచినవారు. నేడు ఆ నాటి యిండ్లలో నొక్కటియు లేదు. గుడియు, రాళ్లమీది వ్రాతయు మిగిలినవి. దేవునిదని యన్నప్పుడు రాయి నిలిచినది. మనుష్యులదని యన్నప్పుడు నిలువలేదు. సత్రము దేవునిది కాదు, అదే దాని దురదృష్టము.

రెండవది దుర్గరాజపట్టణము. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినపుడు అందులో చేరినది. ఇంగ్లీషు కంపెనీవారు 1626 ప్రాంతమున అచట వర్తకశాల కట్టి, చుట్టు గోడ యెత్తి, ఫిరంగులు నిలిపిరి. చెన్నపట్టణపు కోటకు ముందు ఈ తీరమున వారు బలపఱచుకొన్న తావు ఇదియే. స్థలము విషయమున తోడ్పడిన ఆర్ముగ మొదలియారు పేరుమీద దానిని ఆర్మగాన్ అనిరి. కాని వారికి కావలసిన నేతబట్టలు అక్కడ చాలినంతగాను చౌకగాను దొరకలేదు. అక్కడి యుద్యోగియైన ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి 1639లో దామెర్ల వేంకటాద్రి నాయనివలన చెన్నపట్టణపు నేల సంపాదించెను. మఱుసటి సంవత్సరము మూటముల్లెలు కట్టుకొని అక్కడికి పోయిరి. ఆ బట్టలే దొరికియుండినచో నేడు మహానగరము మా నెల్లూరి తీరమున నుండెడిదేమో యని మా వారు దారిపొడవున చెప్పుచునే వచ్చిరి. నగరము వచ్చియుండినచో ఈ సరుగుడు తోపుల గాలి యుండకపోయెడిదని మేమంటిమి.

చేరి చూతుము గదా, ఇసుక. ముళ్లపొదలు. దూరమున దీపస్తంభము. గోడ యని చెప్పదగినది మాకొక్కటియు కానరాలేదు. వల బాగుచేసికొనుచున్న యొక ముసలమ్మ నడిగితిమి.

"ఏముందమ్మా ఈడ చూసేదానికి? ఇసకే. ఇటికలుండేవంట, ఎవురికి కావాల్సినోళ్లు వాళ్లు ఎత్తకపోయినారు," అని ఆమె నవ్వినది.

మాకు నవ్వు రాలేదు. మా వారు మా వంక చూడకుండ సముద్రము వంక చూచిరి. అది వారి మంచితనము.

మూడవది పల్లిపాడు. ఇది తీరముననే యున్నదనరాదు, పెన్న యొడ్డున నున్నది. ఐనను మా యూరికి దగ్గఱ. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు స్వయముగా వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావుగారును చతుర్వేదుల కృష్ణయ్యగారును దానికి ప్రాణము పోసినవారు. దక్షిణాఫ్రికాలో వర్తకము చేసిన పారశీ రుస్తుంజీగారు ధనమీయగా కట్టిన భవనమునకు ఆయన పేరే పెట్టిరి. నేల సమకూర్చినది పొణకా కనకమ్మగారు. ఆమెను గూర్చి మా తాతగారు చెప్పగా చిన్ననాటనే వింటిమి. 1892లో పుట్టి, తొమ్మిదవయేట వివాహమై, బడి ముఖమెఱుగక యింటనే చదువు నేర్చి, కవిత్వము చెప్పి, జైలునకు పోయి, 1923లో నెల్లూరిలో ఆడపిల్లలకు కస్తూరిదేవి విద్యాలయము నెలకొల్పినది. యింట చదివినవారమని మేము గర్వించుట కామె యొక కారణము. ఐతే ఆమె యింట చదివి ఊరికి బడి కట్టినది. మేము ఊరి సత్రపు రాయి యింటికి తెచ్చుకొంటిమి.

ఆశ్రమభవనము కొంతకాలము పాడుపడి, తరువాత రెడ్‌క్రాసువారి పూనికతో మరల బాగుపడినది. మేము పోయినప్పుడు వసారాలో చల్లని గాలి వీచుచున్నది. ఆ నిశ్శబ్దములో అరగంట కూర్చుంటిమి. ఇది మహాత్ముని పాదము సోకిన చోటు గనుక నిలిచినదని మా వారనిరి. మహాత్ములు రాని కట్టడముల గతి యేమి యని మేమడిగితిమి. వారు జవాబు చెప్పలేదు గాని ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్నను నల్లబల్లమీద వ్రాసి పిల్లల నడిగిరట.

ఈ సందర్భముననే మా యాడబిడ్డ కుమార్తె అమెరికా నుండి ఫోనులో మాటలాడినది. ఒహాయో రాష్ట్రములో నొక పల్లెటూరి కౌంటీలో నుండునామె. కౌంటీ యనగా మన జిల్లావంటిదని యనుకొనవచ్చును. అక్కడివారు పైకప్పు గల కొయ్య వంతెనలను, పాత ధాన్యపు మరలను, ఒకే గది గల బడులను పసిబిడ్డలవలె కాచుకొందురట. ఎంత పాతవని యడిగితిమి. నూటయేబది యేండ్లని గొప్పగా చెప్పినది. మా యత్తగారు పకాలున నవ్వి, "మన రాయిచెట్టు దగ్గరి గుడికి దాంట్లో ఆరంతలుంటాయే," అన్నది. మేమును నవ్వితిమి. ఫోను పెట్టిన తరువాత మాత్రము నవ్వు నిలువలేదు. మన సత్రమునకు నూటయిరువది యేండ్లు దాటినవి. దానిని మనము కాచితిమా? గుడులు కొల్లలుగా నున్న దేశములో నొక సత్రము పోయిన లెక్కలోనికి రాదు. లేనివాడు గింజ గింజ యేఱుకొనును.

మా వారు ఆ దేశపు చట్టములను చదివి చెప్పిరి. 1966లో వారొక చట్టము చేసి, దేశమునకంతకు పాత కట్టడముల పట్టిక యేర్పఱచిరట. పల్లెలలోని చిన్న కట్టడములకును అందు చోటు గలదు. అంతకు నూఱేండ్లకు పూర్వమే స్త్రీలు చేసిన పని యొకటి వారు చెప్పగా మాకు మిక్కిలి రుచించినది. వాషింగ్టన్ మహాశయుని నివాసమైన మౌంట్ వెర్నన్ శిథిలమగుచుండగా ప్రభుత్వములు మాకెందులకని చేయి విదిల్చినవి. ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అను నామె, ఆరోగ్యము చెడి మంచము పట్టియు, 1853లో స్త్రీలకు పత్రికా ముఖమున విన్నపము చేసి, రాష్ట్రరాష్ట్రమున చందాలు పోగుచేయించి, రెండులక్షల డాలర్లకు ఆ యింటిని 1858లో కొనిపించినది. నేటికిని ఆ స్త్రీల సంఘమే దానిని పాలించుచున్నదట. మన దేశములో 1904 నాటి చట్టమును, దాని పిదప 1958 నాటి చట్టమును గలవు. నూఱేండ్లకు తక్కువ కాని కట్టడము పురాతనమని రెండవదానిలో నున్నది. కాని ప్రభుత్వము ప్రకటించిన గాని రక్షణ లేదు. ప్రకటన కొఱకు మా వారొక కార్యాలయమునకు వ్రాయగా, ఆ సత్రము తమ లెక్కలలో లేదనియు, ఎవరిదో తెలిసికొని మరల వ్రాయవలసినదనియు సమాధానము వచ్చినది. ఎవరిదో చెప్పవలసిన రాయి మా పెరటిలో నున్నది. చెప్పవలసిన వరుస మా చీరలతో పోయినది.

ఇట్లుండగా సంక్రాంతి వెళ్లిన పిదప, సత్రమును పడగొట్టి నాలుగు అంగళ్లు కట్టింపవలెనని ఊరిలో మాట పుట్టినది. రావిచెట్టు క్రింద సభ చేసిరి. ఆ మాట యన్న పెద్దమనిషి దుర్మార్గుడు కాడు. "అంగళ్లకు బాడిగొస్తది. ఆ డబ్బుతో వీధిదీపాలన్నా వేసుకోవచ్చు. పాడు కొంపను పెట్టుకొని పాముల్ని సాకతామా?" అనెను. అందులో న్యాయము లేకపోలేదు. మా వారు లేచి చరిత్ర చెప్పిరి. ఎవరును వినలేదు. చరిత్ర చెప్పుటలో వారికి పాఠము చెప్పు వాడుక గలదు. పెద్దవారు పాఠము వినరు.

పొదుపు సంఘపు ఆడువారు ఒక ప్రక్కగా కూర్చుండిరి. మా జిల్లాలో ఆడువారు సభలలో కూర్చుండుట క్రొత్త కాదు; 1992లో దూబగుంటలో సారా యంగడి మూయించినవారు మా జిల్లావారే. మా యత్తగారు మాత్రమెన్నడును సభలో నోరు విప్పినది కాదు. ఆమె కూర్చున్నచోటి నుండియే ఆ పెద్దమనిషిని పిలిచి, "అబ్బయ్యా, గాలివాన రాత్రి జ్ఞాపకముందా?" అన్నది.

1989 నవంబరు 8వ తేదీ రాత్రి తుపాను కావలి దగ్గఱ తీరమెక్కినది. మా యూరిలో తాటాకు కప్పులన్నియు ఎగిరిపోయి, ఊరివారందఱును పిల్లలను చంకబెట్టుకొని సత్రములో చేరిరి. అప్పటికి మా వారు అయిదేండ్లవారు. ఆ మిద్దె కదలలేదు.

"మనూరోళ్లందరం ఆడనే గదా తెల్లార్లూ ఉండింది. నీ బిడ్డ ఆడనే గదా పుట్టింది. నా చీర చించి చుట్టినాం గదా," అన్నది మా యత్తగారు.

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "సరే, ఇప్పటికి ఆపుదాం. పెచ్చులూడి ఎవురి నెత్తిన్నన్నా పడితే మాత్రం నన్ననద్దు," అని లేచిపోయెను. పడగొట్టవలదని నిర్ణయమైనదని మేమనుకొనుట లేదు. ఆగినది, అంతే.

ఆగిన కాలములో పని జరుగవలెను గదా. పాతపని తెలిసిన యొక ముసలి మేస్త్రీని పిలిపించితిమి. పైకి చూచి ఆయన మెచ్చుకొన్నాడు: సన్నపు ఇటుకలను అంచుమీద నిలిపి, తాటిదంతెలమీద ఏటవాలుగా పేర్చి, సున్నము దట్టించిన మిద్దె. గానుగలో త్రిప్పిన గుల్లసున్నము. ఉత్తరపు వైపు దూలములు రెండు పుచ్చినవి. అవి మార్చిన చాలునట. గోడలకు సిమెంటు పూయింతుమనగా ఆయన కోపపడినాడు. సున్నపుగోడ ఊపిరి పీల్చును, సిమెంటు పూసిన చెమ్మ లోపలనే నిలిచి, సముద్రపు గాలికి ఉప్పు పొంగి గోడ పొరలు పొరలుగా రాలునని చెప్పినాడు. మేమా మాట వ్రాసికొంటిమి. ఇండ్లు పాతవైన సోదరీమణులును వ్రాసికొనదగును. దూలములకు పొదుపు సంఘమువారు చందా వేసికొనిరి. సున్నమునకు మా వారొక నెల జీతములో కొంత తీసియిచ్చిరి. మేము తప్పు చేసితిమని చెప్పి, మా గాజులలో నొక జత యిచ్చితిమి. దీనిని గొప్పకు వ్రాయుట లేదు. రాయి విలువ కట్టుట యెట్లో తెలియక యిచ్చితిమి.

పేరు మాత్రము దొరకలేదు. ముసలివారిని గుచ్చిగుచ్చి యడిగితిమి. ఒక యింటివారు తమ ముత్తవ్వ పేరు చెప్పిరి. మఱియొక యింటివారు అది కాదు, మా పెద్దమ్మమ్మ పేరనిరి. రెండింటిచివరను 'మ్మ'యే. రెండిండ్లవారును మాటలాడుకొనుట మానిరి. మా వారు రెండింటిలో నొకటి నిశ్చయించి మరల చెక్కింతమనిరి. మేము వలదంటిమి. వారికిని మాకును నాలుగు దినములు వాదము నడచినది. చెఱిపినది చాలదని, లేని పేరు కూడ వ్రాయుదుమా? ఆ వరుస నున్నగానే యుండనిండు. అడిగినవారికి ఎట్లు పోయినదో చెప్పెదము.

మాఘమాసములో నొక యుదయమున, ఎడ్లబండి దొరకక, ట్రాక్టరుమీద రాతిని సత్రమునకు చేర్చితిమి. మేస్త్రీ దానిని సాల గోడకు ఆనించి సున్నముతో బిగించినాడు. పెరటిలో రాయి లేచినచోట నాలుగు దినములు గుంట యుండెను. తరువాత సిమెంటు పలక వేయించుకొంటిమి.

మొన్న పాలపిల్ల చెంబు తీసికొని పెరటివైపు వచ్చి, ఆ పలకను కాలితో రాచి చూచినది.

"దీని మీద ఉతుకుతున్నారా అమ్మా?"

అవునంటిమి.

"జారతాది గదా," అన్నది.

"జారుచున్నది," అంటిమి.